ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు: తీరం మారథాన్‌కు తయారయ్యేదెలా?

విశాఖ బీచ్ రోడ్డు మీద మొదటిసారి మారథాన్‌కు దిగేవాళ్ళను మోసం చేసేది అక్కడి గాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆర్కే బీచ్‌లో నిలబడితే ఒంటికి చల్లగా తగులుతుంది, అలల చప్పుడు వినిపిస్తుంది, కాళ్ళు వాటంతటవే పరుగందుకుంటాయి. ఆ హుషారులో మొదటి పది కిలోమీటర్లలో కిలోమీటరుకు పదిహేను సెకన్లు ఎక్కువ వేగంగా పోయినవాళ్ళు చివరి పదిలో కిలోమీటరుకు రెండు నిమిషాలు చెల్లించుకుంటారు. కారణం ఉక్కపోత. డిసెంబరులో కూడా ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చొక్కా తడిసి బరువెక్కుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఇవన్నీ నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ఇరవై కిలోమీటర్ల దాకా ఏమీ తెలియదు.

కాబట్టి ముందురోజు ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసి ఊరుకోకండి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. అది 15 డిగ్రీల లోపుంటే మామూలు పేస్‌లో (కిలోమీటరుకు పట్టే సమయం) వెళ్ళొచ్చు. 18 దాటితే తగ్గించుకోవాలి. 20 పైన ఉంటే కనీసం 4 శాతం నెమ్మది చేయడం మంచిది. లెక్క వేసుకుందాం. నాలుగున్నర గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. దానికి 4 శాతం కలిపితే 6:39, మొత్తం 4 గంటల 41 నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలు మొదట్లోనే వదులుకోవాలి. వదులుకోనివాళ్ళకు చివర్లో పోయేది పదకొండుతో ఆగదు.

దారి

ఈ రోడ్డు మీద జరిగే పరుగుల్లో స్టార్ట్, మలుపు ఏటేటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది మ్యాప్ తప్పకుండా చూసుకోవాలి. స్టార్ట్ ఆర్కే బీచ్‌లో, వెళ్ళి తిరిగొచ్చే దారి అనుకుంటే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం, వీఎంఆర్‌డీఏ (పాత వుడా) పార్కు, లాసన్స్ బే కాలనీ మీదుగా మొదటి ఐదు కిలోమీటర్లలో పెద్ద ఎక్కుడు లేదు. ఆ తర్వాత తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి పక్కనుంచి రోడ్డు పైకి లేస్తుంది. దిగాక సాగర్‌నగర్ చదును. పదో కిలోమీటరు దరిదాపుల్లో రుషికొండ దగ్గర మళ్ళీ ఎక్కుడు. హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) వాళ్ళు ఇంచుమించు అక్కడికక్కడే వెనక్కి తిరుగుతారు. ఫుల్ (42 కిలోమీటర్లు) వాళ్ళు గీతం యూనివర్సిటీ, తొట్లకొండ, మంగమారిపేట మీదుగా ఎర్రమట్టి దిబ్బల వైపు సాగిపోవాలి. ఈ భాగంలో రోడ్డు అలల్లాగే లేచి పడుతూ ఉంటుంది. ఒక్కొక్కటీ చిన్నదే గానీ వరుసగా వస్తాయి.

వెళ్ళేటప్పుడు ఎక్కిన రుషికొండ, తెన్నేటి పార్కు ఎక్కుళ్ళు తిరుగు దారిలో అటు వైపు నుంచి మళ్ళీ ఎదురవుతాయి, ఒకటి సుమారు 32వ కిలోమీటరు దగ్గర, ఇంకొకటి 36 దగ్గర. కాళ్ళలో చక్కెర నిల్వలు అడుగంటే చోటు సరిగ్గా అదే. పోతూ ఈ ఎక్కుళ్ళ మీద ఎంత తేలిగ్గా కదిలారన్న దాన్ని బట్టే వస్తూ మీ పరిస్థితి ఉంటుంది. ఎక్కేటప్పుడు వాచీలో పేస్ చూడొద్దు, ఊపిరి చూసుకోండి. ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. అడుగు చిన్నది చేసి, చూపు పది పన్నెండు మీటర్ల ముందు నిలిపి ఎక్కాలి. దిగేటప్పుడు గుర్రం విప్పినట్టు వదిలేస్తే తొడల ముందు కండరాలు దెబ్బతింటాయి. ఆ నొప్పి అప్పుడు తెలియదు, 34వ కిలోమీటరులో తెలుస్తుంది.

రోడ్డు వాలు సంగతి చాలామందికి పట్టదు. వాన నీరు పోవడానికి రోడ్డును అంచుల వైపు వాలుగా వేస్తారు. పోయేటప్పుడు ఎడమ అంచున పోతారు, అది కొండ వైపు. వచ్చేటప్పుడు కూడా ఎడమ అంచునే వస్తారు, అది సముద్రం వైపు. అంటే వెళ్ళిరావడంలో వాలు సరిసమానం కాదు, 42 కిలోమీటర్లూ ఎడమ కాలే పల్లంలో పడుతుంది. మోకాలి బయటి పక్కన సూదితో గుచ్చినట్టు మొదలయ్యే నొప్పికి ఇదొక ముఖ్య కారణం. ట్రాఫిక్ ఆపి ఉన్నంతసేపు డివైడర్ పక్కన పరుగెత్తండి, అక్కడ రోడ్డు దాదాపు సమంగా ఉంటుంది. అంచున ఇసుక కూడా పేరుకుని ఉంటుంది, మలుపుల్లో జారుతుంది. తెల్ల పెయింట్ గీతలు మంచుకు తడిసి ఉంటే వాటి మీదా అడుగు వేయొద్దు.

డిసెంబరు మధ్యలో ఇక్కడ సూర్యుడు ఆరుంబావు దాటాక వస్తాడు. నాలుగున్నరకు బయల్దేరిన నడిమి పేస్ వాళ్ళకు సగం దూరం దాకా ఎండ సమస్య లేదు. తిరిగి వచ్చేదంతా ఎండలోనే, ఆ ఎండంతా ఎడమ వైపే. పైగా నీటి మీద నుంచి తిరిగి కొట్టే వెలుగు కూడా అటు నుంచే. సన్‌స్క్రీన్ రాసేటప్పుడు ఎడమ చెవి, ఎడమ మెడ, ఎడమ మోకాలి వెనక మరవొద్దు. ముఖం మీద మాత్రం కనుబొమల పైన రాయకండి, చెమటతో కళ్ళలోకి దిగి మంట పెడుతుంది. టోపీ ముందుకు అంచున్నది కావాలి.

గాలి సంగతికొస్తే, తెల్లవారకముందు నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. తొమ్మిది, పది మధ్య తిరగబడి సముద్రం మీద నుంచి వస్తుంది. ఐదు గంటలకు పైగా పరుగెత్తేవాళ్ళకు ఆఖర్న ఎడమ నుంచి తగిలే గాలి కాస్త ఊరట. దానికంటే ముందు, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, ఒక్కోసారి గాలి పూర్తిగా పడిపోతుంది. రోజంతటిలో పరుగుకు గడ్డు సమయం అదే.

తక్కువ మంది పరుగెత్తే మారథాన్ అంటే ఏమిటి

హాఫ్ వాళ్ళు వెనక్కి తిరిగాక రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. వేల మంది పరుగెత్తే పెద్ద నగరాల మారథాన్లకు అలవాటు పడ్డవాళ్ళు ఇక్కడే తడబడతారు. ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో సముద్రం. మీ పేస్ పట్టుకుని లాక్కెళ్ళే గుంపు ఉండదు. పేస్ జెండాలు పట్టుకునేవాళ్ళు ఉన్నా ఎక్కువగా హాఫ్‌కే ఉంటారు. అందుకే రుషికొండ లోపలే మీ వేగంతో నడిచే ఒకరిద్దరు ఫుల్ బిబ్‌ల (చొక్కా మీద పెట్టుకునే నంబరు చీటీల) వాళ్ళను గుర్తుపట్టి మాట కలపండి. బిబ్ రంగు చూసుకోవడం ముఖ్యం. హాఫ్ వాళ్ళ వెంట పడి మాటల్లో వాళ్ళ మలుపు దగ్గరే వెనక్కి తిరిగేవాళ్ళు ఉంటారు. మీ మలుపు దగ్గర టైమింగ్ మ్యాట్ (మీరు దాటిన సమయం నమోదు చేసే పట్టా) తొక్కకపోతే ఫలితాల్లో పేరు రాదు, తర్వాత ఎంత వాదించినా లాభం లేదు.

నీళ్ళ బల్లలు మొదటి సగంలో దగ్గరదగ్గరగా, మలుపు వైపు దూరదూరంగా ఉండే అవకాశం ఎక్కువ. గ్లాసులు అయిపోవచ్చు, ఓఆర్ఎస్ అయిపోవచ్చు, ఐసు అసలు రాకపోవచ్చు. 300 నుంచి 500 మిల్లీలీటర్ల మెత్తటి సీసా ఒకటి నడుం బెల్టులో పెట్టుకుని, ప్రతి బల్ల దగ్గరా నింపుకుంటూ పోవడం ఈ దారికి సరైన పద్ధతి. 'ఇంకెంత దూరం తమ్ముడూ' అని వాలంటీర్లను అడగొద్దు. ఎక్కడ అడిగినా 'దగ్గరే సార్' అనే చెబుతారు.

ఏడు దాటాక రుషికొండ, భీమిలి వైపు ఆదివారం షికారు బళ్ళు మొదలవుతాయి. కటాఫ్ సమయం (పరుగు ముగించాల్సిన గడువు) దాటిందంటే రోడ్డు తెరిచేస్తారు. అప్పుడు ఫుట్‌పాత్ ఎక్కాలి. పలకలు లేచి ఉన్న చోట అలసిన కాలు తట్టుకుని పడటం మామూలే. జాలరిపల్లెల దగ్గర కుక్కలుంటాయి. వాటి దగ్గర వేగం పెంచకుండా నాలుగడుగులు నడిచి దాటాలి. ఇంకో చిన్న సంగతి: చేపలు ఎండబెట్టే చోట్ల వాసన 25వ కిలోమీటరు దాటాక కడుపులో తిప్పుతుంది. జెల్ (పరుగులో శక్తి కోసం తీసుకునే చిక్కటి తియ్యటి పాకం) అక్కడ తీసుకోకండి, దాటాక తీసుకోండి.

నీళ్ళు, ఉప్పు, తిండి

మీకు గంటకు ఎంత చెమట పోతుందో కొలిచి తెలుసుకోవాలి. పరుగుకు ముందు బట్టల్లేకుండా బరువు చూసుకోండి. మారథాన్ పేస్‌లో గంట పరుగెత్తి, తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. తగ్గిన బరువుకు తాగిన నీళ్ళు కలపాలి. ఉదాహరణకు 68 కిలోలు 67.1 అయింది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారు, అంటే గంటకు 1.2 లీటర్లు పోయింది. అందులో సగం నుంచి మూడింట రెండొంతులు, అంటే 600 నుంచి 800 మిల్లీలీటర్లు, గంటకు తాగితే చాలు. పోయిందంతా తాగాలనుకుంటే కడుపులో కుళకుళలాడుతుంది. వట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతులు దాని గుర్తులు. పరుగు ముగిశాక బరువు పెరిగి ఉంటే తప్పకుండా అనుమానించాలి. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు జాలిపడి ఇంకో రెండు గ్లాసులు పట్టిస్తారు, పట్టించకూడదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు. దాన్ని 300 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం గుమ్మరిస్తే చిక్కబడి వాంతి వస్తుంది. అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు, వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది గానీ చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కొబ్బరినీళ్ళు పరుగయ్యాక, రెండు చిటికెల ఉప్పు కలుపుకుని తాగండి.

శక్తికి గంటకు 40 గ్రాముల పిండిపదార్థం పెట్టుకుంటే ఎక్కువమంది కడుపులు తట్టుకుంటాయి. ఒక జెల్‌లో 20 నుంచి 25 గ్రాములుంటుంది. మొదటిది 40వ నిమిషంలో, తర్వాత ప్రతి 35 నిమిషాలకు ఒకటి. 4 గంటల 41 నిమిషాల పరుగుకు ఏడు పడతాయి. ప్రతిదాని వెంట నీళ్ళు తాగాలి, ఓఆర్ఎస్ కాదు. జెల్ పడనివాళ్ళు మూడు చిన్న ఖర్జూరాలు గింజ తీసి పెట్టుకోవచ్చు, ఇంచుమించు ఒక జెల్‌తో సమానం. బెల్లం ముక్కా పనికొస్తుంది గానీ ఉక్కకు కరిగి జేబంతా జిగురవుతుంది, చిన్న కవర్లో చుట్టాలి. పల్లీ చిక్కీలో నూనె ఉండటం వల్ల అరుగుదల ఆలస్యం, పరుగులో వద్దు. ఏది ఎంచుకున్నా కనీసం మూడు లాంగ్ రన్లలో (తయారీలో చేసే దూరపు పరుగుల్లో) తిని చూసినదై ఉండాలి.

ముందు రెండు రోజులు కిలో బరువుకు 8 గ్రాముల చొప్పున పిండిపదార్థం తినాలంటారు. 65 కిలోల మనిషికి రోజుకు 520 గ్రాములు. పెద్ద కప్పు అన్నంలో 55 గ్రాములుంటుంది. అన్నంతోనే లాగాలంటే తొమ్మిదిన్నర కప్పులు, అయ్యే పని కాదు. అటుకులు, అరటిపళ్ళు, తేనె, పళ్ళరసం, పెరుగన్నం కలిపి రోజంతా కొంచెం కొంచెం తినాలి. కారం, వేపుళ్ళు, గోంగూర, పచ్చి కూరగాయలు తగ్గించాలి. విశాఖ వచ్చి చేపల పులుసు తినకుండా ఎలా అంటే, పరుగయ్యాక తినండి. పులిహోర మంచి తిండే గానీ నూనె, పల్లీలు తగ్గించి చేయించుకోవాలి.

నాలుగున్నర స్టార్ట్ అయితే రెండింటికి లేచి, రెండున్నరలోపు మూడు ఇడ్లీలు తేనెతోనో బెల్లంతోనో తినాలి. సాంబారు, కారప్పొడి వద్దు. హోటళ్ళలో ఆ వేళకు ఏమీ దొరకదు కాబట్టి ముందు రాత్రే తెచ్చి గదిలో పెట్టుకోండి. ఇడ్లీ ఎండిపోతుందనుకుంటే రెండు అరటిపళ్ళు, నాలుగు బ్రెడ్డు ముక్కలు. మూడున్నర దాకా అర లీటరు నీళ్ళు, ఆపైన ఒకటి రెండు గుక్కలే.

ఒరుసుకుపోవడం, బొబ్బలు

పొడి ఊళ్ళలో రాని పుళ్ళు ఇక్కడ వస్తాయి. చెమటలోని ఉప్పు, ఆరని బట్ట కలిసి చర్మాన్ని ఆకురాయిలా గీస్తాయి. తొడల మధ్య, చంకల్లో, బెల్టు ఆనే చోట, స్పోర్ట్స్ బ్రా పట్టీల కింద వాజెలిన్ దట్టంగా పూయాలి. మగవాళ్ళు చనుమొనల మీద మైక్రోపోర్ టేపు అంటించుకోవాలి, టేపు వేసే చోట వాజెలిన్ రాస్తే అది ఊడిపోతుంది. కాటన్ చొక్కా, కాటన్ సాక్సు వద్దే వద్దు. నెత్తిన నీళ్ళు పోసుకునేటప్పుడు నిటారుగా నిలబడితే నీళ్ళన్నీ కాళ్ళ వెంట బూట్లలోకి దిగుతాయి, ఆ తర్వాత పది కిలోమీటర్లలో బొబ్బలు ఖాయం. ముందుకు వంగి, మెడ వెనక పోసుకోండి. బూట్లు కొత్తవి కాకూడదు, అరిగినవీ కాకూడదు. 60, 80 కిలోమీటర్లు పరుగెత్తిన జత సరిపోతుంది. కాళ్ళు ఉబ్బుతాయి కాబట్టి బొటనవేలి ముందు ఒక అంగుళంలో సగం ఖాళీ ఉండాలి.

ముందస్తు తయారీ

పదహారు నుంచి పద్దెనిమిది వారాలు కావాలి. లాంగ్ రన్ 30, 32 కిలోమీటర్లు దాటనక్కర్లేదు, అలాంటివి మూడు చేసి, చివరిది పరుగుకు మూడు వారాల ముందే ముగించాలి. విశాఖ వాళ్ళకు కైలాసగిరి, సింహాచలం ఘాట్లు దగ్గరే. హైదరాబాద్ వాళ్ళకు ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు అలవాటే, వాళ్ళకు లేనిది ఉక్క అలవాటు. డిసెంబరులో అక్కడ పొడి చలి. రెండు రోజుల ముందు విశాఖ వచ్చినంత మాత్రాన ఒళ్ళు అలవాటు పడదు, పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఆఖరి రెండు వారాల్లో మధ్యాహ్నం పూట, పైన ఇంకో పొర చొక్కా వేసుకుని, 40 నుంచి 60 నిమిషాలు నెమ్మది పరుగులు పెట్టుకోవాలి. తల తిరిగినట్టుంటే వెంటనే ఆపేయండి. ఈ అలవాటు మానేసిన వారానికే తగ్గడం మొదలవుతుంది, కాబట్టి నెల ముందు చేసి వదిలేస్తే ఉపయోగం లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది. వాయుగుండం వార్త వస్తే పరుగు వాయిదా పడొచ్చు, రద్దు చేసుకోగలిగిన టికెట్లు, గదులే తీసుకోండి. గది పాండురంగాపురం, మహారాణిపేట పక్కల ఉంటే తెల్లవారుజామున స్టార్ట్‌కు నడిచి వెళ్ళొచ్చు. రుషికొండలో రిసార్టు బాగుంటుంది గానీ మూడింటికి ఆటో దొరకదు, రోడ్డూ మూసేస్తారు.

దారిలో తేడా వస్తే

పిక్క పట్టేస్తే ఆగి, గోడకో స్తంభానికో చేతులానించి, మడమ నేలకు ఆనించి అర నిమిషం సాగదీయాలి. తర్వాత నూరడుగులు నడిచి, అప్పుడు పరుగందుకోవాలి. స్ప్రే కొట్టుకుని అలాగే పరుగెత్తితే మళ్ళీ అదే చోట పడుతుంది. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ రకాలు, పరుగుకు ముందు గానీ మధ్యలో గానీ వేసుకోవద్దు. నీరు తగ్గిన ఒంట్లో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

పక్కనున్న రన్నర్ తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బగా భావించాలి. చెమట పడుతోంది కదా అని సరిపెట్టుకోవద్దు, పరుగెత్తేవాళ్ళకు వడదెబ్బలోనూ చెమట ఉంటుంది. నీడకు చేర్చి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి నీళ్ళు, ఐసు పెట్టి, గాలి విసురుతూ అంబులెన్సుకు ఫోన్ చేయాలి. మొదట చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి.

వాచీ ముందే కిలోమీటరు కొట్టేస్తోందని కంగారు పడకండి. కైలాసగిరి కింద కొండ సగం ఆకాశాన్ని కప్పేస్తుంది, జీపీఎస్ తప్పుతుంది. వంపుల్లో బయటి అంచు పట్టుకుని పోయినా దూరం పెరుగుతుంది. ముగింపులో వాచీ 42.6 చూపితే అది దారి తప్పు కాదు. బోర్డుల దగ్గర ల్యాప్ బటన్ నొక్కుకుంటూ పోవడం మేలు.

పరుగు ముగియగానే ఎదురుగా సముద్రం పిలుస్తుంది. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దిగొద్దు. ఒడ్డు నుంచి నాలుగడుగుల్లోనే లోతు, లోపలికి లాగే ప్రవాహం రెండూ ఉన్నాయి, అక్కడ మునిగిపోయినవాళ్ళు తక్కువేమీ కాదు. పిక్కలు పట్టేసే స్థితిలో అల కొడితే లేవలేరు. తడి ఇసుక మీద పది నిమిషాలు నడిచి, పొడి చొక్కా వేసుకుని, గంట లోపల పెరుగన్నమో ఇడ్లీయో ఉప్పు తగిలించి తినండి. ఆ సాయంత్రం రైలుకు మాత్రం నెలల ముందే లోయర్ బెర్తు చూసి పెట్టుకోండి. అప్పర్ బెర్తు మెట్లు తెన్నేటి పార్కు ఎక్కుడు కంటే కష్టం.